ఎడమ మూల

నిరుడు పద్నాలుగు ఆడి పదమూడు ఓడాం.
గెలిచిన ఆ ఒక్కటీ
అవతలి జట్టు వ్యాను మర్రిపూడి దగ్గర చెడిపోయి
టైముకు రాకపోతే మాకు రాసిచ్చింది.
ఆఖరునున్నోళ్ళకే ముందు కోరుకునే హక్కంట.
ఈ కబడ్డీ లీగు రూలు రాసినోడెవడో
కడుపు కాలినోడై ఉంటాడు.
ఆ లెక్కన ఏడాది పొడుగునా మేం ఓడింది
ఈ ఒక్క సాయంత్రాన్ని కొనుక్కోడానికే.

చీమకుర్తిలో షిఫ్టు దిగి
మస్తానమ్మ టీ కొట్టు ముందు
ఒళ్ళంతా రాతిపిండితో నలభై మందిమి.
కనురెప్పలు కూడా తెల్లగా,
అందరం ఒకేసారి ముసలోళ్ళమైనట్టు.
ఒంగోలు హాల్లో నుంచి ఫోనులో
క్రేను కోటిరెడ్డి బామ్మర్ది చెప్తా ఉన్నాడు.
గట్టిగా వినపడాలని ఆ ఫోను స్టీలు గ్లాసులో దించాం.

పేరు మాకు ముందే తెలుసు.
కొత్తపట్నం పోలంరాజు.
గీత దాటాడంటే ముగ్గుర్ని తాకి గాని రాడు.
తొడ చరిస్తే ఈతముక్కల దాకా వినపడుద్దంటారు.
ఖాజావలి నాలుగు రోజుల ముందే ఫ్లెక్సీ కొట్టించాడు:
పన్నెండడుగుల పోలంరాజు, వెనక పులి,
కింద వరసగా స్టాంపుల్లా మా మొహాలు.
అంతా చందా డబ్బు. నాది రెండొందలు.

గ్లాసులోంచి గొంతు వచ్చింది:
"తొలి విడత, తొలి పేరు, చీమకుర్తి...
ఉడతా మాల్యాద్రి, పామూరు."

పొయ్యి మీద పాలు తప్ప ఏదీ కదల్లా.
"ఎవుడ్రా వాడు?"
"ఉడతంట్రా, ఉడత!"
పెంచలయ్య చెప్పు తీసి రోడ్డుకేసి కొట్టాడు.
అది గ్రానైటు లారీ కింద పడింది.
రెండోది కూడా విసిరాడు,
ఒక్కటి పెట్టుకుని ఏం చేసేదని.
మేనేజరుకు మేనల్లుడన్నాడొకడు.
కాదు, పామూరోళ్ళు పొట్టేలు పంపారన్నాడింకొకడు.
చెంచురామయ్య మాత్రం
ఆరిపోయిన బీడీనే పీలుస్తా కూర్చున్నాడు.
ముప్పయ్యేళ్ళు బ్లాకులు కోసిన మనిషి,
పైపైన చూస్తే ఏం తెలుస్తదిరా,
రంపం దిగితే గదా లోపలి చుక్కలు బయటపడేది
అంటాడనుకున్నాం.
అనలా.
"ఈ ఏడు నేను సీరియళ్ళు చూసుకుంటా" అని లేచి పోయాడు.

రెండో పేరుగా పోలంరాజు కందుకూరికి పోయాడు.
కందుకూరోళ్ళ ఈలలు గ్లాసులో గణగణమంటే
మస్తానమ్మ ఫోను తీసి ఇచ్చి
గ్లాసు కడిగేసుకుంది.

ఫ్లెక్సీ ఏమీ వృథా కాలా.
బొమ్మ పైకి పెట్టి కొట్టుకు పందిరేశాం.
కింద కూర్చుని తల ఎత్తితే
ఎండ వెలుగులో పోలంరాజు,
పేరు తిరగబడి, పులి ఎడమ పక్కకొచ్చి.

పది రోజులకి పామూరు బస్సు దిగాడొక పిల్లోడు.
యూరియా సంచి కుట్టిన బ్యాగు,
గడ్డం కూడా సరిగ్గా రాలా.
టీ చెప్పి, పైకి చూసి,
అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు.
"పోలంరాజన్న గదా. బాగా ఆడతాడు" అన్నాడు.
ఎవరం నోరెత్తలా.
నా మొహం కూడా ఆ పందిట్లోనే ఉంది,
వాడి తలకాయకి సరిగ్గా పైన.

"నువ్వేం ఆడతావబ్బయా?"
అడిగింది పెంచలయ్య, కాళ్ళకి కొత్త చెప్పులు.
"ఎడమ మూలన్నా. పట్టుకుంటా."

పట్టుకుంటాడంట.
నిరుడు మావాళ్ళంతా దూకేవాళ్ళే.
వచ్చినోణ్ణి వచ్చినట్టే సాగనంపాం,
గుమ్మం దాకా వెళ్ళి మరీ.

టీ డబ్బులు ఇవ్వబోతే మస్తానమ్మ తీసుకుంది,
చిల్లర కూడా లెక్కగా ఇచ్చింది.
పెంచలయ్యకే ఆగలా.
రోడ్డు వార రాతిపిండిలో బొటనవేలితో గీత గీశాడు,
లుంగీ ఎగ్గట్టాడు,
కూతెత్తి ఎగిరి అటు దూకాడు.

పిల్లోడు టీ గ్లాసు కింద పెట్టడం చూశాం.
అంతవరకే చూశాం.
కూత సగంలో తెగింది.
గీతకి ఇవతలికి తిరిగొచ్చింది
కొత్త చెప్పొక్కటే.